అత్త కళ్ళకద్దుకున్న కవరు

వారం కిందట ఆదివారం మా చెల్లి సబ్బవరం నుంచి బస్సులో వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చేతిసంచీలోంచి ఒక కాగితాల కట్ట తీసి నా భోజనాల బల్ల మీద పెట్టి, "అప్పా, నువ్వు సదివి సంతకం ఎట్టమంటే ఎడతాను, వద్దంటే మానేత్తాను, మరింక నాకేటీ ఇప్పి సెప్పక్కర్లేదు" అనేసి వంటింట్లోకి వెళ్ళి చెంబుడు మంచినీళ్ళు తాగింది. మూడేళ్ళ కిందట గర్భసంచి తీయించుకుని, రేడియేషను కరెంటు పెట్టించుకుని, ఇక పీడ విరగడైందని మేమంతా అనుకున్న మనిషికి ఆ క్యాన్సరు మళ్ళీ తిరగబెట్టింది. పట్నంలో ఆసుపత్రివాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్న మందు ఒకటి ఇస్తామంటున్నారు, దానికి తోడు ఇంకా పరీక్షలో ఉన్న కొత్త మందు ఒకటి ఉంది, ఆ పరీక్షలో చేరతారా అని అడుగుతున్నారు. చేరేదీ లేనిదీ పై వారం సోమవారానికల్లా చెప్పాలట.

చెల్లి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. కాగితాలు మాత్రం బల్ల మీదే ఉన్నాయి, నేనేమో వాటి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రెండు పూటలు పాలు పొంగిపోనిచ్చాను. పులుసులో వేసిన ఉప్పే మళ్ళీ వేసి, మా ఆయన మొహం చూశాక గాని తెలుసుకోలేదు. గేటు దాకా వెళ్ళి, ఎందుకొచ్చానో గుర్తు రాక, వెనక్కి వచ్చి మళ్ళీ నాలుగో పేజీ తీస్తాను. అక్కడ ఒక వాక్యం ఉంది. చేతివేళ్ళు తిమ్మిరెక్కినా, స్పర్శ తగ్గినా వెంటనే తెలియజేయండి అని. మా చెల్లి నలభై ఏళ్ళుగా జాకెట్లు కుట్టే మనిషి. సబ్బవరంలో సగం మంది ఆడవాళ్ళ భుజాల కొలతలు దానికి నోటికి వచ్చు.

ఉద్యోగంలో ఏళ్ళ తరబడి ఇలాంటి కాగితాల మీద ఇతరుల చేత సంతకం పెట్టించినదాన్ని, సొంత చెల్లెలికి ఒక మాట చెప్పడానికి ఇంత అల్లాడిపోవడం ఏమిటని మీరు అనుకోవచ్చు. నా ఈడువాళ్ళైతే, ముఖ్యంగా ఆసుపత్రుల్లో చాకిరీ చేసి ఇంటికొచ్చినవాళ్ళైతే, అనుకోరు. ఎందుకంటే మనం చెప్పిన మాటలు ఎదుటివాళ్ళ చెవిలో పడ్డాక ఏ రూపు ఎత్తుతాయో మనకి తెలుసు.

ఇరవై ఏళ్ళు దాటింది ఈ మాటకి. అప్పట్లో నేను అనకాపల్లి నుంచి రోజూ పొద్దున్న రైల్లో పట్నం వెళ్ళి ఒక క్యాన్సరు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. వార్డులో సూదులు పొడుస్తూ సుఖంగా ఉన్న నన్ను, తెలుగు బాగా మాట్లాడతానని మా పెద్ద డాక్టరమ్మ పిలిచి, కొత్త మందుల పరీక్షల విభాగంలో వేశారు. గర్భసంచి క్యాన్సరు తిరగబెట్టినవాళ్ళకి పాత మందు ఒక్కటే ఇస్తే మేలా, కొత్తది కలిపి ఇస్తే మేలా అని తేల్చే పరీక్ష అది. నా పని, వచ్చిన ఆడవాళ్ళకి కాగితం చదివి వినిపించి, వాళ్ళు ఒప్పుకుంటే వేలిముద్ర వేయించి, ఆ తర్వాత ఇంటి దగ్గర వాళ్ళెలా ఉన్నారో లెక్క రాబట్టడం. ఆ కాగితాల్లో తెలుగు చూస్తే తెలుగు పండితులకే కళ్ళు తిరిగేవి. యాదృచ్ఛికీకరణ అని ఒక మాట ఉండేది. దాన్ని పైకి చదవడానికే నాకు వారం పట్టింది, ఇక గొలుగొండ నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చిన మనిషికి దాని అర్థం ఏమని చెప్పను? ఎవరికి ఏ మందు వస్తుందో డాక్టరు చేతిలో గాని, రోగి చేతిలో గాని ఉండదు, అది ముందే మూసిపెట్టిన కవర్లలో రాసి ఉంటుంది, వరసలో వచ్చిన కవరు విప్పి చూడాలి, అంతే దాని భావం. 

ఆ రోజుల్లోనే మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క. బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో చెరుకు రైతుల ఇల్లు ఆవిడది. మా వైపు బెల్లం వండే గానుగల దగ్గర పాకం చూసేది మగవాళ్ళే అయినా, మా తాత తన కొడుకులెవరికీ అబ్బని ఆ విద్య ఈ కూతురికి నేర్పాడు. పెనంలో రసం మరిగి మరిగి, మడ్డి తీసేశాక బంగారు రంగుకి తిరిగి, బుడగలు చిన్నవై చప్పుడు మారుతుంది. అప్పుడు గరిటెతో కాస్త పాకం తీసి చన్నీళ్ళ ముంతలో వేసి, మునివేళ్ళతో ఉండ చేసి చూడాలి. ఆ ఉండ ఎంత మెత్తగా ఉందో, ఎంత బిగిసిందో వేళ్ళకి తెలియాలి. ఒక్క క్షణం ముందు దింపితే బెల్లం దిమ్మ నిలవక జారిపోతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే మాడు వాసన. థర్మామీటరు పెట్టి వండేవాళ్ళు కూడా వచ్చారు గాని, అత్త చెయ్యి పడిన దిమ్మ అంటే మా ఊరి బెల్లం మార్కెట్లో వేరే మాట. పక్క గానుగలవాళ్ళు కూడా ఓ సారి చెయ్యి పెట్టి చూడమని కబురుపెట్టేవాళ్ళు. ఆవిడ కొప్పు సరిచేసుకుని, మరీ అంత అవసరం వచ్చిందా అన్నట్టు నింపాదిగా వెళ్ళేది. మా మావయ్య పేరుకి గానుగ యజమాని, అసలు యజమాని ఆ రెండు వేళ్ళు.

అత్తకీ గర్భసంచి ఆపరేషను అయిన రెండో ఏడు జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడైతే సొంత మనిషికి నర్సే కాగితం చదివి చెప్పడం ఎవరూ ఒప్పుకోరు. అప్పుడు ఆ పట్టింపు అంతగా లేదు. పైగా, మీ అత్తకి నువ్వు చెబితేనే ధైర్యం అని అందరూ అన్నారు. నేను ఆవిడని కిటికీ పక్కన కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీకే ఆవిడకి ఆవలింతలు. ఆ యాదృచ్ఛిక సంగతి వచ్చేసరికి నాకు మహా తెలివైన ఆలోచన వచ్చింది. అమ్మవారి దగ్గర చీటీలు వేసి తీస్తాం కదా అత్తా, ఇది కూడా అలాంటిదే, ఏ చీటీ వస్తే ఆ మందు అన్నాను.

ఆవిడ మొహం వెలిగింది. "ఓసినీ, ఇంతేనేటే! సీటీ అని ముందే సెప్పొచ్చు కదే గుంటా, ఇంతసేపు గొణిగీకుండా" అంది.

మా పల్లెల్లో తేలని సంగతులన్నీ చీటీల మీదే తేలతాయి. ముందు ఎవరి చేనుకి నీళ్ళు, ఎవరింటి పిల్లకి ఏ సంబంధం, ఆపరేషనుకి ఏ ఊరు వెళ్ళాలి, అన్నీ కాగితం ముక్కల మీద రాసి, మడిచి, అమ్మవారి పాదాల దగ్గర వేసి ఒకటి తీయడమే. తీశాక ఇంక నోరెత్తకూడదు. వచ్చిన చీటీని కాదన్నవాడి ఇంట్లో దీపం నిలవదంటారు. ఆ సంగతి నాకు తెలియదా? అక్కడే పుట్టి పెరిగినదాన్ని, తెలుసు. అయినా ఆ మాట వాడాను, ఎందుకంటే అది పనిచేసింది. ఆ తర్వాత వచ్చిన ఆడవాళ్ళందరికీ కూడా అదే చెప్పాను, అందరూ ఇట్టే అర్థం చేసుకున్నారు, మా డాక్టరమ్మ కూడా నన్ను మెచ్చుకున్నారు. నేను ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అత్త వంతు కవరు తెచ్చి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. విప్పి చూస్తే కొత్త మందు కలిపిన వరస. "అమ్మోరు సల్లగా సూసింది" అని మెడలో పుస్తెల తాడు పైకెత్తి కళ్ళకి తాకించుకుంది. అప్పుడైనా నేను ఆగి, అత్తా, ఇందులో అమ్మవారు లేదు, నీకు పడకపోతే ఏ రోజైనా ఆపేయొచ్చు అని మళ్ళీ చెప్పవలసింది. ఆ మాట కాగితంలో చివరి పేజీలో ఉంది, చదివాను కూడా, కాకపోతే రైలు వేళ అవుతోందని గబగబా చదివాను.

మూడు వారాలకొకసారి మందు ఎక్కించేవాళ్ళం. జుట్టు రాలింది, ఆవిడ తువ్వాలు తలకి చుట్టుకుని, ఎండకి పనికొస్తుందిలే అని నవ్వేసింది. చదువు రాని వాళ్ళ కోసమని నేను ఒక ఉపాయం చేసి, గోడ క్యాలెండర్లు పంచిపెట్టాను. బాగున్న రోజు నీలం చుక్క, బాగులేని రోజు ఎర్ర చుక్క పెట్టుకురమ్మన్నాను. అత్త తెచ్చిన క్యాలెండరు నెలనెలా నీలం చుక్కలతో నిండి ఉండేది. అడిగితే ఒకే జవాబు. "బాగున్నానమ్మా, నాకేటి!" మా విభాగంలో ఆవిడ క్యాలెండరు గోడకి తగిలించి, ఈవిడని చూసి నేర్చుకోండి అని మిగతావాళ్ళకి చూపించేదాన్ని. మధ్యలో తీసిన స్కానులో గడ్డలు కొంచెం తగ్గాయి. ఆ రోజు రైల్లో ఇంటికి వస్తూ పక్కన కూర్చున్న ముక్కు మొహం తెలియని ఆవిడకి కూడా ఆ సంగతి చెప్పాను.

అయిదో దఫా మందు అయ్యాక గానుగల రోజుల్లో ఒక సెలవు చూసుకుని అత్త ఊరు వెళ్ళాను. దూరం నుంచే పాకం వాసన, పిప్పి పొయ్యి పొగ. అత్త పెనం దగ్గర ఉంది, ముంతలో పాకం వేసి ఉండ చేస్తోంది. చేస్తూనే ఉంది. నాకు తెలిసిన అత్త ఒక్కసారి నలిపి, ఊఁ అనేది. ఈవిడ నలుపుతోంది, కళ్ళ దగ్గరికి తెచ్చి చూసుకుంటోంది, మళ్ళీ నలుపుతోంది. మావయ్య పెనం అవతలి నుంచి మెల్లగా తల ఊపాడు. అప్పుడు ఆవిడ దింపమంది. ఇద్దరూ ఏదో నాటకం ఆడుతున్నారని నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పాకలో ఓ మూల గోనె కప్పి ఉన్న దిమ్మలు నేను చూడకూడదని మావయ్య అడ్డం నిలబడ్డాడు. గోనె ఎత్తి చూస్తే అవి దిమ్మలు కావు, కుంగి ఒకదాని మీదికి ఒకటి జారిన ముద్దలు.

అత్త చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగి చూశాను. చూపుడు వేలికీ మధ్య వేలికీ బొబ్బలు. ఒకటి పగిలి పచ్చిగా ఉంది. నొప్పి లేదా అంటే ఏమిటి నొప్పి అన్నట్టు తన వేళ్ళని తనే వింతగా చూసుకుంది. ముంత అంచు అనుకుని కాలే గరిటె మీదే వేళ్ళు పెట్టిందట, కాలినట్టు ఆవిడకి తెలియనే లేదు. 

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. జవాబు మావయ్య చెప్పాడు. "మూడో సూది కాడి నుంచీనమ్మా. జాకెట్టు గుండీలు నానే ఎడతన్నాను. నీకు సెప్పీవద్దని ఒట్టేయించుకుంది." 

నాకు పట్టరాని కోపం వచ్చింది. మరి క్యాలెండర్లో ఆ నీలం చుక్కలేమిటి అని అరిచాను. అత్త అరవలేదు. పాక వెనక్కి తీసుకెళ్ళి, ఎప్పుడూ లేనిది నా రెండు చేతులూ పట్టుకుంది.

"సూడు గుంటా, ఎర్ర సుక్క ఎడితే ఆ మందు ఆపేత్తారు కదా. అమ్మోరు ఇచ్చిన సీటీ అది. నువ్వే కదే సెప్పేవు. దాన్ని నానెలా కాదనీదీ? ఏళ్ళు పోతే పోనీ, పేనం ఉంటాది. ఆ డాట్రమ్మకి సెప్పీకు. నీ కాళ్ళట్టుకుంతాను."

మేనత్త చేత ఆ మాట అనిపించుకున్న దానికి ఆ పూట అన్నం ఎలా దిగుతుంది? తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేక నిలబడే వచ్చాను. చెబితే మందు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు, గడ్డలు మళ్ళీ పెరిగితే ఆ పాపం నాది. చెప్పకపోతే రేపు పొయ్యి మీదే చెయ్యి పెడుతుంది, నడిచే కాళ్ళూ మొద్దుబారతాయి, ఆ పైన ఈ మందు వల్ల వేళ్ళకేమీ కాదని ఆవిడ నీలం చుక్కలే సాక్ష్యమై, ఆవిడ తర్వాత వచ్చే ఆడవాళ్ళందరికీ అదే మోతాదు పడుతుంది. మూడు రోజులు ఆసుపత్రికి వెళ్ళానే గాని డాక్టరమ్మ ఎదురుపడితే పక్క వరండాలోకి తప్పుకున్నాను. నాలుగో రోజు, గోడ మీద నేనే తగిలించిన ఆ క్యాలెండరు తీసి, పట్టుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టి, ఇదంతా అబద్ధమండీ అన్నాను. 

ఆవిడ తిట్టినా బాగుండేది. ఆ చుక్కలు చూసి, మిగతావాళ్ళ సంగతేమిటి అని మాత్రం అడిగారు. ఆ మధ్యాహ్నం నుంచి నేను, ఎలా ఉన్నారు అని అడగడం మానేశాను. మన ఆడవాళ్ళని ఎలా ఉన్నావంటే బాగున్నాననే అంటారు. బాగులేనని నోటితో అంటే లేని కీడు పిలిచినట్టని మనకి చిన్నప్పుడే నేర్పారు. కోటు జేబులో ఒక చింతగింజ, ఒక చొక్కా గుండీ, ఒక కందిపప్పు బద్ద వేసుకుని, కళ్ళు మూయించి ఒకటొకటీ వాళ్ళ వేళ్ళ మధ్య పెట్టి, ఏమిటో చెప్పమనేదాన్ని. ఎన్ని నీలం చుక్కలు అబద్ధాలో అప్పుడు తెలిసింది. ఒక పెద్దావిడ గుండీని పట్టుకుని, ఏదీ, ఇంకా ఇవ్వలేదేమిటి అంది. నేను బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

అత్తకి ముందు మోతాదు తగ్గించారు, ఆ తర్వాత ఆ కొత్త మందు పూర్తిగా ఆపి పాతది ఒక్కటే ఉంచారు. చీటీ మార్చేశానని నా మీద ఆవిడ పగబట్టింది. మందుకి వస్తే వేరే నర్సుని పిలవమనేది. ఇంటికి వెళితే నాకు పీట వేసేది, అన్నం పెట్టేది, మాట మాత్రం గోడతో మాట్లాడేది. మా నాన్న కూడా, అక్క చేతులు అక్క ఇష్టం, నీకెందుకే అని ఒకసారి అనేశాడు.

మరుసటి ఏడు గానుగలు మొదలయ్యాక మావయ్య దగ్గర్నుంచి ఒకసారి రమ్మని కబురు వచ్చింది. వెళ్ళాను. అత్త పెనం దగ్గరే ఉంది, సన్నబడింది, కొత్త జుట్టు చెవుల దాకా వచ్చింది. నన్ను చూసి పలకరించలేదు. ముంతలో పాకం వేసి రెండు వేళ్ళతో ఒక్కసారి నలిపి, ఊఁ అంది. పెనం దింపారు. అప్పుడు ఆ ఉండ నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండానే, "ఇప్పుడు తెలుత్తంది. మొత్తం కాదు గానీ, తెలుత్తంది" అంది. ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట అది. ఆ వెచ్చటి ఉండ నోట్లో వేసుకుని అక్కడే నిలబడిపోయాను.

ఇంకొక్క గానుగల కాలం మాత్రం చూసింది. ఆ తర్వాత జబ్బే గెలిచింది. కొత్త మందు పూర్తి మోతాదులో సాగి ఉంటే ఇంకో రెండేళ్ళు ఉండేదా, ఏమో. ఆ పరీక్షలో చేరిన ఆడవాళ్ళందరి లెక్కలూ కలిపి పెద్దవాళ్ళు ఏదో తేల్చి రాసే ఉంటారు, అది అందరి సంగతి. మా అత్త ఒక్కదాని సంగతి ఏ పరీక్షా తేల్చదు. అందుకే ఇన్నేళ్ళు గడిచినా ఆ ఊసు వస్తే నాకు కుదురుండదు.

ఇవాళ సోమవారం. పొద్దున్నే చెల్లి వచ్చి కూర్చుంది. చెప్పు అప్పా అని అడిగేలోగా దాని ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి, గొంతు ఎంతో మర్యాదగా ఉంది, ఎలా ఉన్నారమ్మా అని అడిగింది. మా చెల్లి, పొత్తికడుపు మీద ఎడమ చెయ్యి అదిమిపట్టుకునే, "బాగున్నానమ్మా, నాకేటి" అంది.

అచ్చం అత్త గొంతే. నేను గబుక్కున లేచి, మళ్ళీ కూర్చుని, ఫోను పెట్టేశాక, ఇన్నాళ్ళూ దానికి చెప్పని కథంతా చెప్పాను. అత్త నాతో మాట మానేసిందని దానికి తెలుసు గాని ఎందుకో తెలియదు. చీటీ సంగతి, చుక్కల సంగతి, నా కాళ్ళు పట్టుకుంటానన్న సంగతి, అన్నీ చెప్పాను. కొత్త మందు మేలు చేస్తుందో లేదో నాకు తెలియదు, డాక్టర్లకీ తెలియదు, తెలియదు గనకే పరీక్ష అని చెప్పాను. ఇందులో అమ్మవారు లేదు, ఏ రోజు వద్దనుకుంటే ఆ రోజు మానేయొచ్చు అని ఈసారి నిదానంగా, రెండుసార్లు చెప్పాను. చెల్లి చీర కొంగు అంచు కుట్టు ఎక్కడో ఊడినట్టుంటే దాన్నే తడుముతూ విన్నది.

"మరి నానూ అత్తలాగే దాసేననుకో, నువ్వు ఎల్లి సెప్పేత్తావేటి?" అంది.

చెప్పేస్తాను, నువ్వు మాట మానేసినా సరే అన్నాను.

"అలాగైతే ఆ కలం ఇలాగియ్యి" అని కళ్ళజోడు పెట్టుకుని, పదిహేను పేజీల్లోనూ ఎక్కడ పెట్టమంటే అక్కడ, జాకెట్టు కుట్టినంత జాగ్రత్తగా సంతకాలు పెట్టింది.

దాన్ని బస్సెక్కించి వచ్చి ఇది రాస్తున్నాను. బుచ్చయ్యపేట దారిలో గానుగలు చాలావరకు పోయాయి, ఆ నేలల్లో ప్లాట్లకి రాళ్ళు పాతారు, బస్సులో వెళితే కిటికీలోంచి పాకం వాసన రాదు. కాగితాలు మాత్రం చక్కటి తెలుగులో వస్తున్నాయి, యాదృచ్ఛికీకరణ ఎక్కడా కనబడలేదు. క్యాలెండర్లు లేవు, మా చెల్లి ఫోనులోనే అయిదు బొమ్మ మొహాలు కనిపిస్తాయట, రోజూ తను ఎలా ఉందో ఆ మొహాన్ని నొక్కాలట. అది నవ్వు మొహమే నొక్కుతుంది, నాకు తెలుసు. అందుకని వంటింట్లోంచి ఒక చింతగింజ, ఒక గుండీ, ఒక కందిపప్పు బద్ద తీసి పాత పసుపు డబ్బాలో వేసి పెట్టుకున్నాను, ప్రతి ఆదివారం సబ్బవరం వెళ్ళడానికి. అత్తకి అలా వెళ్ళి వేళ్ళు పట్టి చూసేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఉన్నదాన్ని నేను ఒక్కదాన్నే, నేనేమో గోడ మీద నీలం చుక్కలు చూసుకుని మురిసిపోయాను.